పిలుపుల నడక

మా ఊళ్ళో మనిషి ఊరికే నడవడానికి వీల్లేదు. నడకకి ఒక కారణం ఉండాలి. చేతిలో సంచి ఉంటే బజారుకని సరిపెట్టుకుంటారు. గొడుగు ఉంటే బస్సుకని అనుకుంటారు. ఏమీ లేకుండా చేతులూపుకుంటూ కాలువ గట్టు మీద పోతుంటే మాత్రం చూసేవాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడవు. "బండి పాడైందాండీ?" అని ఒకరు ఆపుతారు. "ఇంట్లో అందరూ బాగానే ఉన్నారాండీ?" అని ఇంకొకరు. ఆరోగ్యం కోసమండీ అన్నామా, ఇంకా ప్రమాదం. ఏం జబ్బు చేసిందో చెప్పేదాకా వదలరు.

పోనీ అడిగి ఊరుకుంటారా? బండి ఆపి వెనక సీటు చేత్తో తుడుస్తారు. "ఎక్కండి, దింపేత్తాను." వద్దంటే మొహమాటపడుతున్నామనుకుంటారు. మళ్ళీ వద్దంటే వాళ్ళ బండి మన కంటికి ఆనలేదనుకుంటారు. మూడోసారి వద్దనే ధైర్యం కోనసీమలో ఇంతవరకూ ఎవరికీ పుట్టలేదు. ఒకరోజు అమలాపురం నుంచి మా ఊరిదాకా నడిచే వస్తానని శపథం చేసి బయల్దేరాను. బజారు దాటకుండానే నా పాత విద్యార్థి ఒకడు కారాపి, ఏసీ పెంచి, బండారులంక మీదుగా తీసుకొచ్చి మా గుమ్మంలో దింపి, వంగి నమస్కారం కూడా పెట్టి వెళ్ళాడు. వాడి మర్యాదకి మురిసిపోవాలో చెవి మెలెయ్యాలో నాకు తెలియలేదు.

చెవులు మెలేసిన చెయ్యే లెండి ఇది. ముప్పై ఏళ్ళ పైన హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేశాను. గ్రౌండులో ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివర పిల్లలు నిక్కర్లు సర్దుకునేవారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే నాకు తోచలేదు. మా వీధి ఆడవాళ్ళని చూస్తే ఒళ్ళు మండింది. మూడిళ్ళ అవతల కొట్టుకి కరివేపాకు కోసం స్కూటీ తీస్తున్నారు. వీళ్ళందరినీ నడిపించి తీరాలని అనుకున్నాను.

ముందుగా వాట్సాప్‌లో గ్రూపు పెట్టాను. దానికొచ్చిన స్పందన చూసి పొంగిపోయాను. పొద్దున్నే లేచి అందరూ గులాబీ పువ్వులు, దణ్ణాలు, సూర్యోదయాలు పంపించేవారు. నడవడానికి మాత్రం ఒక్కరూ వచ్చేవారు కాదు. చివరికి ఇంటింటికీ వెళ్ళి, తలుపులు కొట్టి, ఇద్దరు ముగ్గుర్ని లాక్కొచ్చి గట్టు మీద వరసగా నిలబెట్టాను. అలవాటు కొద్దీ విజిల్ ఊదాను. అటుగా పోతున్న ఆటో కీచుమంటూ ఆగింది. నడిపేవాడు నా దగ్గర చదివినవాడే. విజిల్ వినగానే కాలు తనంతట తానే బ్రేకు మీద పడిందట. "ఎక్కండి టీచర్‌గారూ, అందరూ సరిపోతారు" అన్నాడు. నేను కోప్పడేలోపే నా శిష్యురాళ్ళు ఎక్కి కూర్చున్నారు.

ఇదంతా నవ్వుకుని వదిలేసేదాన్నే. అక్కయ్య మోకాలు లేకపోతే.

అక్కయ్య అంటే మా బావగారి భార్య, నా పెద్ద తోడికోడలు. మా రెండిళ్ళకీ మధ్య గోడ ఉంది గాని, గోడకి తలుపు కూడా ఉంది. మనిషి భారీ, మనసు అంతకంటే భారీ. మొన్న వేసవిలో ఆవిడకి కాకినాడలో మోకాలు మార్పిడి ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ బాగా జరిగింది. ఆ తర్వాతే మా ఊరి మర్యాద మొదలైంది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ ఆవిడ కాలు కిందపెట్టనివ్వలేదు. కూర్చోవడానికి ఒక కుర్చీ, కాలు చాపుకోవడానికి ఇంకో కుర్చీ, దాని మీద దిండు. "కదపకండి అక్కయ్యగారూ, కదపకండి" అని అందరూ చెప్పేవాళ్ళే. వ్యాయామం చేయించడానికి అమలాపురం నుంచి వచ్చిన ఫిజియో అమ్మాయికి పెసరట్లు వేసి పెట్టి, కబుర్లు చెప్పి, చీర పెట్టి పంపించేవారు. కాలు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. చాపిన కాలు చాపినట్టే బిగుసుకుపోయింది.

రెండోసారి చూపించడానికి నేనే వెంట వెళ్ళాను. డాక్టరుగారు మోకాలు పట్టుకుని వంచబోతే అక్కయ్య అరిచిన అరుపుకి బయట వరండాలో జనం లేచి నిలబడ్డారు. ఆయన చెప్పింది సూటిగానే చెప్పాడు. నడవాలి, వంచాలి. మళ్ళీ వచ్చేసరికి కుర్చీలో అందరూ కూర్చున్నట్టు కూర్చోగలగాలి. లేకపోతే ఇంకోసారి బల్ల మీద పడుకోబెట్టి, మత్తిచ్చి, ఆయనే వంచుతాడు. అదీ ఆలస్యమైతే ఇక ఆ కాలు కర్రలాగే ఉండిపోతుంది. తిరుగు దారిలో, జొన్నాడ దగ్గర టీకి ఆగినప్పుడు, అక్కయ్య నా చెయ్యి పట్టుకుని, "మళ్ళీ ఆ బల్లెక్కలేనే అమ్మాయ్, ఈసారి దిగుతానన్న నమ్మకం లేదు" అంది. ఆవిడ భయపడటం నేను చూడటం అదే మొదలు.

మర్నాటి నుంచి ఆవిడని గట్టు మీదకి తీసుకెళ్ళాను. ఒక చేతికి కర్ర, ఇంకో పక్క నేను. మొదటి ఇంటి దగ్గరే ఆగిపోయాం. "అయ్యయ్యో, అక్కయ్యగారు నడిచొత్తన్నారర్రా! కుర్చీ వెయ్యండి!" ఒకటి కాదు, రెండు వేశారు. కాలు చాపుకోవాలి కదా. కాఫీ వచ్చింది. కాఫీతోపాటు వాళ్ళ మేనత్త మోకాలి కథ వచ్చింది. రెండో ఇంట్లో జంతికలూ, మండపేటలో ఉన్న వియ్యపురాలి తుంటి కథ. మూడో ఇంటి దగ్గర్నుంచి ఎవరో బండి మీద వెనక్కి దింపేశారు. కడుపు నిండా కాఫీ తప్ప కాలికి ఒరిగిందేమీ లేదు. పైగా అక్కయ్య మొహం వెలిగిపోతోంది. "ఎన్నాళ్ళకి మనుషుల్ని చూసేనే!" అంది. నేను పళ్ళు నూరుకున్నాను.

అలాంటి రోజుల్లోనే పక్కవీధి ఆవిడ, వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి పిలవడానికి మా ఇంటికొచ్చింది. చేతిలో కుంకుమ భరిణె, కట్టుకున్నది మంచి చీర. నాకు బొట్టు పెట్టింది. కుర్చీ వేయబోయాను. "కూర్చోనండి, ఇంకా బోలెడిళ్ళున్నాయి" అని వెళ్ళిపోయింది. నేను పట్టుబట్టలేదు. ఎవరూ పట్టుబట్టరు. పిలుపుల మీద ఉన్న మనిషిని మా దగ్గర కూర్చోబెట్టరు, కాఫీ తాగమని చంపుకు తినరు, బండెక్కమని అడగరు. ఇంటింటికీ ఆగే మనిషికి బండెందుకు? గుమ్మంలో అలా నిలబడి ఆవిడ వెళ్ళినవైపే చూశాను. వీధి ఆ చివర నుంచి ఈ చివరకి గంటలో నడిచేసింది మహాతల్లి. ఎవరూ ఆపలేదు.

మర్నాడు అక్కయ్య చేత పట్టుచీర కట్టించాను. చీర కింద బూట్లు. చేతిలో వెండి కుంకుమ భరిణె. నేనూ, నా నడక గ్రూపులో మిగిలిన ఇద్దరూ అలాగే తయారయ్యాం. "ఎవరికీ అబద్ధం చెప్పనక్కర్లేదు అక్కయ్యా. భరిణె పట్టుకుని నడవండి, అంతే. తల తిప్పకండి. ఎదురుగా చూడండి" అని ఆర్డరేశాను.

ఏం పనిచేసిందండీ ఆ ఉపాయం! బండ్లు స్లో అయ్యేవి, భరిణె చూసేవి, "పిలుపులాండీ? ఆయ్, కానివ్వండి" అని సాగిపోయేవి. కుర్చీలు లోపలే ఉండిపోయాయి. కాలువ లాకుల దాకా వెళ్ళి రావడం అలవాటైంది. అక్కయ్య కర్ర ఇంట్లో వదిలేసింది. నాతోపాటున్న ఇద్దరూ రొప్పడం మానేశారు. నేను మనసులో విజిల్ వేసుకుంటూ నడిచాను. ఒక్కటే లోటు. అక్కయ్య నడుస్తోంది గాని, మోకాలు వంచకుండా కాలుని పక్కనుంచి తిప్పి వేస్తోంది. ఇంటికొచ్చాక వంచమంటే, "వంగదే అమ్మాయ్, చంపకు" అని దిండు దగ్గరికి లాక్కునేది. డాక్టరు రమ్మన్న రోజు దగ్గర పడుతోంది.

ఆ సంబరంలో మా ఊరి సంగతి నేను మర్చిపోయాను. మా ఊళ్ళో అప్పు ఎగ్గొట్టినా క్షమిస్తారు గాని, శుభకార్యానికి పిలవకపోతే క్షమించరు.

ముందుగా గిన్నె చెప్పింది. ఎదురింటికి గిన్నెడు పనసపొట్టు కూర పంపించాను. మా దగ్గర ఒకరి గిన్నె ఖాళీగా తిరిగివ్వడం ఉండదు. కనీసం చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు. అది తళతళా తోమి, ఖాళీగా, మూత బోర్లించి వచ్చింది. గిన్నె చూడగానే ఏదో కొంప మునిగిందని అర్థమైంది. సాయంత్రం బావగారు టీ కొట్టు దగ్గర్నుంచి గాభరాగా వచ్చారు. "మనింట్లో ఏదో ఫంక్షనంట కదా? నాకు చెప్పలేదేంటి?" అన్నారు. ఊళ్ళో వాళ్ళకి అన్నీ తెలుసట. అక్కయ్య మనవరాలికి నిశ్చితార్థమని కొందరు. ఆ పిల్ల పదో క్లాసు. కాదు, అమలాపురంలో ఫ్లాటు కొన్నారు, గృహప్రవేశమని కొందరు. అందరూ ఒప్పుకున్న విషయం ఒక్కటే. ఊరంతా పిలిచి తమని మాత్రం పిలవలేదు. ఎవరినీ పిలవలేదు కాబట్టి ప్రతి ఇంటికీ అలాగే తోచింది. "మా గుమ్మం ముందు నుంచే వెళ్ళేరండి, భరిణె కూడా కనపడింది, తలైనా తిప్పలేదండి" అని ఇంటింటా పంచాయితీలట.

నాకు నవ్వాగలేదు. అక్కయ్య మాత్రం నవ్వలేదు. "గట్టు కింద అత్తయ్యగారు కూడా అలాగే అనుకుని ఉంటారు" అంది.

గట్టు కింద అత్తయ్యగారు మాకు చుట్టం కాదు. గట్టు దిగితే మొదటి ఇల్లు ఆవిడది. డెబ్బై దాటిన మనిషి. అక్కయ్య కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ దగ్గరే ఆవకాయ పెట్టడం నేర్చుకుంది, ఆవిడ ఒళ్ళోనే పడి ఏడ్చింది. ఆపరేషనై ఇంటికి రాగానే ఎవరి బండో ఎక్కి వచ్చి చూసి వెళ్ళింది. ఆ తర్వాత మేము రోజూ ఆవిడ ఇంటి మీదుగానే నడిచాం. ఒక్కసారి కూడా దిగలేదు.

ఆ పొద్దు నుంచి అక్కయ్య నడక మానేసింది. పట్టుచీర మడతపెట్టి బీరువాలో పెట్టేసింది. "నీ నడకకో దణ్ణం. వాళ్ళ మొహాలు ఎలా చూడను?" అని కుర్చీలో కూర్చుని, కాలు రెండో కుర్చీ మీద పెట్టేసింది. దిండు కూడా వచ్చేసింది. నేను బతిమాలాను, అరిచాను, బల్ల గుర్తుచేశాను. బల్ల పేరెత్తగానే కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుంది గాని కాలు దించలేదు. రెండు రోజులు అలాగే గడిచాయి. ఆ కుర్చీని కాలువలో పారేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

మూడోరోజు పొద్దున్న గోడ తలుపు తోసుకుని వెళ్ళి, "శుక్రవారం మీ ఇంట్లో పేరంటం. లేవండి, పిలుపులకి వెళ్ళాలి" అన్నాను.

"ఏం పేరంటమే?"

"తర్వాత ఆలోచిద్దాం. ముందు పిలవాలి కదా."

అక్కయ్య దిండు పక్కకి తోసింది. మెల్లగా కాలు దించింది. "ప్రతి ఇంటికీ నేనే వస్తాను. బొట్టు నేనే పెడతాను. నువ్వు నోరు మూసుకుని వెనక నడువు" అంది. డ్రిల్లు టీచరు చిత్తమంది.

వెళ్ళాం. ఈసారి తల తిప్పి, గుమ్మం గుమ్మానికీ ఆగి మరీ వెళ్ళాం. మెట్లున్న ఇళ్ళకి మెట్లెక్కింది. వాకిట్లో బురదుంటే చీర పైకి పట్టుకుని దాటింది. బిగుసుకున్న మొహాలు బొట్టు పెట్టగానే సడలిపోయాయి. ఎదురింటావిడ లోపలికెళ్ళి నా చేతిలో గుప్పెడు పంచదార పోసింది, ఆ రోజు గిన్నెలో మర్చిపోయానని. ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న. "ఏం విశేషమండీ?" అక్కయ్య నావైపు చూసేది. నేను నవ్వి, "రండి, చెప్తాంగా" అనేదాన్ని. నా బుర్రలో మాత్రం ఏమీ లేదు. నోములూ వ్రతాలూ అన్నీ లెక్కేసుకుంటూ నడుస్తున్నాను. ఏదీ అతకలేదు.

ఆఖరున గట్టు దిగాం. అక్కయ్య నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

అత్తయ్యగారు అరుగు మెట్టు మీద కూర్చుని కొబ్బరాకులు చీరి ఈనెలు తీస్తోంది. మమ్మల్ని చూసింది. లేవలేదు. చాకు ఆపలేదు. "ఏమే, ఇవాల్టికి తీరికైందా?" అంది.

"శుక్రవారం పేరంటం అత్తయ్యగారూ. పిలుద్దామని వచ్చేనండి."

"పేరంటం ఎవడిక్కావాలే?" చాకు ఆగింది. "నీ కాలెలా ఉందోనని రోజూ గట్టుకేసి చూత్తా కూర్చున్నాను. కర్ర తీసేసిన రోజు కూడా చూసేను. ఆ రోజు దిగొత్తావనుకున్నాను. పాలు కాసి ఉంచేను. నువ్వు మొహమైనా ఇటు తిప్పకుండా పోయేవు. ఓ మాటు దిగొచ్చి, ఇదిగోనండి నడుత్తన్నాను అంటే నీ సొమ్మేం పోయిందే?"

తల తిప్పొద్దని ఆర్డరేసింది నేను. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను. మూసుకున్నాను.

అక్కయ్య చెప్పులు విడిచింది. ఆవిడ కూర్చున్న మెట్టు మరీ కింద ఉంది. నిలబడి బొట్టు పెడితే చెయ్యి అందదు, నడుం చూస్తే వంగే రకం కాదు. ఎడం చేత్తో అరుగు స్తంభం పట్టుకుంది. కింది పెదవి పంటితో నొక్కిపట్టింది. అలా మెల్లగా, మెల్లగా కిందికి దిగడం మొదలెట్టింది. జాగ్రత్త అని అరవబోయాను. అరిస్తే పట్టు తప్పుతుందేమోనని, రెండు చేతులూ చాపి నిలబడ్డాను. దిగుతూ, దిగుతూ, "అమ్మా" అని ఒక్క మూలుగు మూలిగి, ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చుంది. పాదాలు రెండూ నేల మీద పక్కపక్కనే ఉన్నాయి. అందరి మోకాళ్ళలాగే ఆ మోకాలూ ఉంది.

వేలు కుంకుమలో అద్ది ఆవిడ నుదుట బొట్టు పెట్టింది. "కోప్పడండి. కొట్టండి. శుక్రవారం మాత్రం రండి" అంది.

అత్తయ్యగారు చాకు కింద పెట్టింది. చేతులు చీరకి తుడుచుకుని, అక్కయ్య మోకాలి మీద చీర పైనుంచే మెల్లగా తడిమింది. "ఎక్కడ కోసేరే? ఇక్కడేనా? నొప్పెడతందా?"

"పెడతందండి" అంది అక్కయ్య. ఏడుస్తూనే నవ్వింది. ఆవిడా కళ్ళొత్తుకుంది. నేను వాళ్ళకి ఎదురుగా, డ్రిల్లు పీరియడ్లో పిల్లలా నిలబడ్డాను.

కాసేపటికి అత్తయ్యగారు ముక్కు చీదుకుని, "ఇంతకీ ఏం విశేషమే శుక్రవారం?" అంది.

అక్కయ్య నావైపు చూసింది. నేను కొబ్బరాకులకేసి చూశాను. అప్పుడు తల వంచి తన కాలు చూసుకుంది. అంతవరకూ తను ఎలా కూర్చుందో చూసుకోలేదనుకుంటాను. చూస్తూ చూస్తూ నోరు తెరిచేసింది.

"నా మోకాలు వంగిందండి, అత్తయ్యగారూ" అంది.

నేను గట్టుకేసి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. శుక్రవారం వచ్చినవాళ్ళందరికీ అక్కయ్య అదే చెప్పింది, అడిగినవాళ్ళకల్లా కూర్చుని చూపించింది. ఆ మోకాలు వంగడం డాక్టరుగారి కంటే ముందు మా ఊరు ఊరంతా చూసింది.